బలం తగిలినప్పుడు కణం ఏం చేస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎముకలు, పళ్లు, కాలేయం, కడుపులోని బిడ్డ, చివరకు పొలం గట్టున నాటిన మొక్కలు. ఈసారి ఉత్తరాల్లో అడిగిన సంగతులు పైకి వేటికవే వేరుగా కనిపించినా, అన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒక్కటే. ఒత్తిడి, లాగుడు, ఊపు వంటి బలాలను జీవకణాలు ఊరికే భరిస్తాయా, లేక వాటిని గ్రహించి తమ పనిని మార్చుకుంటాయా? మార్చుకుంటాయని నూట యాభై ఏళ్ల పరిశోధన చెబుతోంది. అందుకే ఈ ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. ఎముకలు గుల్లబారాయని స్కాన్‌లో తేలింది. రోజూ నడవమని, తేలికపాటి బరువులతో వ్యాయామం చేయమని డాక్టరుగారు చెప్పారు. ‘ఉన్న ఎముకే అరిగిపోతుంటే ఇంకా నడిచి అరగదీసుకోవాలా’ అంటూ ఆవిడ ఇల్లు కదలడం లేదు. భారం పడితే ఎముక బలపడుతుందన్నది నిజమేనా?
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమే. అయితే మీ అమ్మగారి భయానికి కూడా కారణం లేకపోలేదు. వయసుతో మోకాలి కీలులోని మృదులాస్థి పలుచబడటాన్ని మనం చుట్టుపక్కల చూస్తూనే ఉంటాం కాబట్టి, ఆ భయం కీళ్ల నుంచి ఎముకలకూ పాకింది. కానీ ఎముక ఒకసారి పోసి వదిలేసిన గట్టి పదార్థం కాదు, అది ఎప్పటికప్పుడు మారుతుండే సజీవ కణజాలం. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదోవంతు పాత ఎముక తొలగిపోయి, దాని స్థానంలో కొత్తది చేరుతుంది. పాతదాన్ని కరిగించేవి ఆస్టియోక్లాస్ట్ కణాలు, కొత్తదాన్ని పోసేవి ఆస్టియోబ్లాస్ట్ కణాలు. రుతుక్రమం ఆగిపోయి ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు కరిగించే పని పైచేయి అవుతుంది. దానికి కదలిక లేకపోవడం కూడా తోడైతే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. అంటే మీ అమ్మగారు ఎముకను కాపాడుకోవాలని చేస్తున్న పనే దాన్ని పలుచన చేస్తోంది.

ఈ సంగతి బయటపడిన తీరు తెలుసుకోదగినది. 1866లో జ్యూరిచ్‌లో హెర్మన్ వాన్ మేయర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, తొడ ఎముక పైభాగాన్ని నిలువుగా కోస్తే లోపల కనిపించే సన్నని ఎముక పలకలు ఏయే వరుసల్లో అమరి ఉన్నాయో బొమ్మలు గీసి చూపించాడు. వాటిని చూసిన ఇంజినీరింగ్ ఆచార్యుడు కార్ల్ కుల్మన్ ఆశ్చర్యపోయాడు. అదే తీరున వంగిన క్రేన్‌కు బరువు వేలాడదీస్తే దాని లోపల ఒత్తిడి, లాగుడు ఏ రేఖల వెంట సాగుతాయో గీయించి చూస్తే, ఆ రేఖలూ ఎముకలోని పలకల వరుసలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. భారం మోయవలసిన దారుల్లోనే ఎముక తనను తాను పేర్చుకుందన్నమాట. ఆ తరువాత బెర్లిన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్, మోయవలసిన భారం మారితే ఎముక లోపలి అమరిక, దానితోపాటు బయటి ఆకారం కూడా మారతాయని 1892లో ఒక నియమంగా ప్రకటించాడు. ఆయన చెప్పిన గణిత వివరాల్లో కొన్ని తరువాతి పరీక్షలకు నిలవలేదు గానీ, మూల విషయం నిలిచింది.

భారం పడిన సంగతిని గ్రహించేవి ఎముకలోనే పూడిపోయి ఉండే ఆస్టియోసైట్లు. అస్థి కణాలన్నిటిలో పదింట తొమ్మిది వంతులు ఇవే. వెంట్రుక కంటే ఎంతో సన్నని కాలువల గుండా ఇవి తమ పోగులను చాపి, పొరుగు కణాలను అంటుకుని ఉంటాయి. నడిచేటప్పుడు కాలి ఎముక పొడవులో వచ్చే మార్పు వెయ్యోవంతుకు లోపే అయినా, ఆ కొద్దిపాటి వంపుకే కాలువల్లోని ద్రవం అటూ ఇటూ జరుగుతుంది. ఆ ప్రవాహపు రాపిడి తగిలిన ఆస్టియోసైట్, స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. కొత్త ఎముక పోతకు అడ్డుపడటమే ఆ ప్రొటీన్ పని కాబట్టి, అది తగ్గితే ఆస్టియోబ్లాస్ట్‌లకు అడ్డు తొలగుతుంది. మంచం పట్టిన మనిషిలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే మందుకు 2019లో అమెరికాలో అనుమతి లభించింది. నడక ఇచ్చే సంకేతాన్నే ఆ మందు మరో దారిలో ఇస్తుందని చెప్పవచ్చు. భారమే లేకపోతే ఏమవుతుందో వ్యోమగాముల శరీరాలు చూపించాయి. తగిన వ్యాయామం లేకుండా అంతరిక్షంలో ఉన్నప్పుడు తుంటి ప్రాంతంలో ఎముక సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. వారు తిన్న ఆహారంలో కాల్షియం లేక ఇలా జరగలేదు.

ఇక్కడ ఆచరణకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఎముక స్పందించేది కదలకుండా నిలిచి ఉన్న బరువుకు కాదు, పడుతూ లేస్తూ ఉండే భారానికి. క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ 1984లో పక్షుల రెక్క ఎముకలపై చేసిన ప్రయోగాల్లో, రోజుకు 36 సార్లు భారం వేసి తీస్తే ఎముక పెరిగింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు వేసినా అదనపు లాభం కనిపించలేదు. ఒకే తీరు భారానికి కణాలు త్వరగా అలవాటు పడిపోతాయి. అందువల్ల ఒక్క బిగిన గంటసేపు నడవడం కంటే ఉదయం కొంత, సాయంత్రం కొంత నడవడం, నడుమ కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, మెట్లు ఎక్కడం వంటివి చేర్చడం మేలు. ఈత, సైకిలు తొక్కడం గుండెకు ఎంతో మంచివే అయినా, వాటిలో శరీర బరువు కాళ్ల ఎముకలపై పెద్దగా పడదు కనుక ఎముకకు అవి చాలవు. అయితే ఇప్పటికే గుల్లబారిన వెన్నెముక ఉన్నవారు నడుము ముందుకు వంచి బరువులెత్తడం, గెంతడం మానుకోవాలి. ఏది చేయవచ్చో, ఏది కూడదో మీ డాక్టరుగారిని గానీ ఫిజియోథెరపిస్టును గానీ అడిగి, మొదటి కొద్ది రోజులు మీరు పక్కనే ఉండి చేయించండి. మందులు రాసి ఉంటే వాటిని మానవద్దు. నడక మందుకు తోడే గానీ బదులు కాదు.

ప్రశ్న: కణానికి కళ్లు లేవు, నరాలు లేవు. తాను ఆనుకున్నది మెత్తగా ఉందో గట్టిగా ఉందో, తనను ఏదైనా లాగుతోందో లేదో దానికి ఎలా తెలుస్తుంది? హార్మోన్ల సంకేతాల గురించి చదువుకున్నాం గానీ, బలం కూడా సంకేతమవుతుందని ఎక్కడా చదవలేదు.
ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మీరు అడిగినది ఈ విషయం మొత్తానికి కీలకమైన ప్రశ్న. క్లుప్తంగా చెప్పాలంటే, కణం తానే లాగి చూసి తెలుసుకుంటుంది. గేదెను కట్టేసే ముందు రైతు గుంజను పట్టి గుంజి, అది కదులుతుందో నిలుస్తుందో చేతికి తెలిసినదాన్ని బట్టి నమ్మినట్టే, కణం కూడా తన చుట్టూ ఉన్న పోగులను పట్టుకుని లాగుతుంది, అవి ఎంత లొంగుతాయో కొలుస్తుంది.

ఈ లాగుడు మనకు కనిపించేలా చేసినవాడు అమెరికాకు చెందిన ఆల్బర్ట్ హారిస్. 1980లో ఆయన బృందం చాలా పలుచని సిలికాన్ రబ్బరు పొరపై కణాలను పెంచితే, ప్రతి కణం కిందా ఆ పొర ముడతలు పడింది. కంటికి కనిపించని కణం తన కింది నేలను ఎంత బలంగా గుంజుతోందో సూక్ష్మదర్శినిలో స్పష్టంగా తెలిసింది. కండరాల్లో సంకోచానికి కారణమైన ఆక్టిన్, మయోసిన్ ప్రొటీన్లే, కండరం కాని కణాల్లో కూడా, ఈ పని చేస్తాయి.

పట్టు దొరికే చోటు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. మన కణాల్లో చాలావాటి చుట్టూ కొల్లాజెన్ వంటి ప్రొటీన్ల అల్లిక ఉంటుంది. చర్మం, స్నాయువులు, ఎముక ఇవన్నీ లాగుడును తట్టుకునేది కొల్లాజెన్ వల్లనే. మూడు పేటలు మెలివేసుకున్న దాని నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. దక్షిణ భారతంలో చదువుకునే ప్రతి జీవశాస్త్ర విద్యార్థీ తెలుసుకోవలసిన విషయమిది. కణత్వచంలో ఉండే ఇంటిగ్రిన్లు అనే ప్రొటీన్లు బయట ఈ అల్లికను, లోపల టాలిన్ అనే ప్రొటీన్ ద్వారా ఆక్టిన్ పోగులను పట్టుకుని ఉంటాయి. బయటి అల్లిక మెత్తగా ఉంటే, కణం లాగగానే అది వెంట వచ్చేస్తుంది, టాలిన్‌పై బలం పడదు. గట్టిగా ఉంటే అది కదలదు కనుక ఆ బలమంతా టాలిన్‌పై పడి, మడతలుగా ఉన్న దాని భాగాలు విచ్చుకుంటాయి. ఇందుకు కొన్ని పికోన్యూటన్ల బలం చాలు. ఒక పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు. టాలిన్ విచ్చుకున్నప్పుడు అంతవరకూ లోపల దాగి ఉన్న చోట్లు బయటపడతాయి, వింకులిన్ అనే మరో ప్రొటీన్ వచ్చి వాటికి అతుక్కుంటుంది, పట్టు బిగుస్తుంది. ఒక ప్రొటీన్ ఆకారం మారడం, దానికి కొత్త తోడు దొరకడం రసాయన చర్యలే. బలం సంకేతంగా మారే చోటు ఇదే.

ఆ సంకేతం కేంద్రకం దాకా వెళుతుంది. ఇటలీలోని పాదువా పరిశోధకులు 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గట్టి నేలపై పరుచుకున్న కణంలో యాప్, టాజ్ అనే ప్రొటీన్లు కేంద్రకంలోకి చేరి, విభజనకు సంబంధించిన జన్యువులను పనిచేయిస్తాయి. మెత్తని నేలపై ఉన్న కణంలో అవి కేంద్రకం బయటే ఉండిపోతాయి. దీనికి ముందే, 2006లో, ఆడమ్ ఎంగ్లర్, డెనిస్ డిషర్ తదితరులు మనిషి ఎముక మజ్జలోని మూలకణాలను వేర్వేరు గట్టిదనం ఉన్న జెల్ పొరలపై పెంచారు. మెదడు కణజాలమంత మెత్తగా, అంటే ఒక కిలోపాస్కల్ (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) లేదా అంతకు తక్కువగా ఉన్న జెల్‌పై అవి నాడీకణాల లక్షణాలను, 10 కిలోపాస్కల్‌ల ప్రాంతంలో కండర కణాల లక్షణాలను, 25 నుంచి 40 మధ్య ఎముక కణాల లక్షణాలను చూపించాయి. మూలకణం భవిష్యత్తును రసాయనాలే నిర్ణయిస్తాయని అంతవరకూ ఉన్న నమ్మకాన్ని ఈ ప్రయోగం గట్టిగా కదిలించింది. ప్రయోగశాలల్లో కణాలను దశాబ్దాలుగా పెంచుతున్న ప్లాస్టిక్ పళ్లేలు శరీరంలోని ఏ మెత్తని అవయవం కంటే అయినా ఎన్నో వేల రెట్లు గట్టివి. ఆ పళ్లేలపై నేర్చుకున్నదాన్ని శరీరానికి అన్వయించే ముందు జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం.

బలాన్ని గ్రహించే మరో దారి కూడా ఉంది. త్వచం సాగినప్పుడు తెరుచుకుని, కాల్షియం వంటి అయాన్లను లోపలికి వదిలే ద్వారాలు కొన్ని ప్రొటీన్లే. వాటిని వెతుకుతూ ఆర్డెమ్ పటాపూటియన్ బృందం 72 జన్యువులను ఎంచుకుని, ఒక్కొక్కదాన్నీ పనిచేయకుండా ఆపి, కణాన్ని సన్నని గాజుగొట్టంతో తాకి చూసింది. ఏ జన్యువును ఆపితే కణం తాకిడిని గుర్తించలేకపోయిందో ఆ జన్యువు చేసే ప్రొటీన్‌కు పీజో1 అని పేరుపెట్టి 2010లో ప్రకటించింది. దాని తోబుట్టువైన పీజో2 మన చర్మానికి స్పర్శను, కళ్లు మూసుకున్నా చేతులూ కాళ్లూ ఎక్కడున్నాయో తెలిసే జ్ఞానాన్ని ఇస్తుంది. ఈ కృషికి పటాపూటియన్ 2021లో నోబెల్ బహుమతిని డేవిడ్ జూలియస్‌తో కలిసి అందుకున్నారు. మీరు ఈ దారిలో చదవదలిస్తే దూరం వెళ్లనక్కరలేదు. కణాల గుంపులు బలాలను పరస్పరం ఎలా పంచుకుంటాయన్న పరిశోధన హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) కేంద్రంలోనే జరుగుతోంది. భౌతికశాస్త్రం మీద ఇష్టం వదులుకోకండి. ఈ రంగానికి జీవశాస్త్రం, భౌతికశాస్త్రం రెండూ కావాలి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. పళ్లకు క్లిప్పులు వేయించి ఏడాదయింది. పరీక్షల లోపు ముగిసేలా ఇంకాస్త గట్టిగా బిగించమని అడగవచ్చా?
ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: అడగవద్దు. పన్ను ఎముకలో దిగగొట్టి ఉండదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో ఐదోవంతు మందాన ఒక నార పొర ఉంటుంది. క్లిప్పు తీగ పంటిని నెట్టినప్పుడు ముందువైపు ఈ పొర నలుగుతుంది, అక్కడి ఎముకను ఆస్టియోక్లాస్ట్‌లు కరిగిస్తాయి. వెనకవైపు పొర సాగుతుంది, అక్కడ కొత్త ఎముక చేరుతుంది. కరగడమూ చేరడమూ కణాలు చేసే పని కనుక దానికి పట్టే సమయం దానికి పడుతుంది. సాధారణంగా పన్ను నెలకు ఒక మిల్లీమీటరు ప్రాంతంలో జరుగుతుంది. బలం మరీ ఎక్కువైతే ఆ పొరలోని రక్తనాళాలు మూసుకుపోయి, కణాలు చనిపోయి, పన్ను కదలడం కొంతకాలం ఆగిపోతుంది. వేరు కొన అరిగే ప్రమాదమూ ఉంది. అంటే గట్టిగా బిగిస్తే ఆలస్యమే అవుతుంది. క్లిప్పులు తీశాక ఇచ్చే రిటైనర్‌ను కూడా అశ్రద్ధ చేయవద్దు. చిగుళ్లలోని సాగిన నారలు పళ్లను చాలాకాలం వెనక్కి లాగుతూనే ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టిన బాబుకు రెండు పాదాలూ లోపలికి వంకర తిరిగి ఉన్నాయి. వారం వారం పిండికట్టు మార్చాలని డాక్టరు అంటున్నారు. నూనె రాసి మర్దన చేస్తే సరిపోదా? ఇలా కట్టి ఉంచితే పసివాడి ఎముకల ఎదుగుదల ఆగిపోదా?
ఒక అమ్మమ్మ, కడప

జవాబు: అమ్మా, మర్దన వల్ల హాని లేదు, కానీ దానితో ఈ వంకర సరికాదు. పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరిద్దరికి ఇది ఉంటుంది. క్లబ్ ఫుట్ అని డాక్టర్లు అంటారు. దీనికి నేడు లోకమంతటా వాడే పద్ధతిని, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు ఇగ్నాసియో పోన్సెటి రూపొందించారు. అప్పట్లో ఈ పాదాలకు పెద్ద ఆపరేషన్లు చేసేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక పాదాలు బిగుసుకుపోయి నొప్పితో బాధపడటాన్ని చూసి, ఆయన బలమైన కోతకు బదులు నెమ్మదైన, ఆగని లాగుడును ఎంచుకున్నారు.

పసిపిల్లల పాదంలోని స్నాయువుల్లో కొల్లాజెన్ నారలు అలలు అలలుగా ఉంటాయి. పాదాన్ని చేతితో మెల్లగా సరిదిద్ది కొంచెం సాగదీసి, అదే స్థితిలో తొడదాకా పిండికట్టు వేసి వారం ఉంచితే, ఆ సాగిన కొలతకు తగినట్టు కణాలు నారలను తిరిగి అల్లుతాయి. వచ్చే వారం అక్కడి నుంచి ఇంకొంచెం సరిచేస్తారు. మర్దనలో పాదాన్ని ఐదు నిమిషాలు సాగదీసి వదిలేస్తాం. కణాలు తమ అల్లికను మార్చుకోవడానికి అంత సమయం చాలదు. ఇక ఎదుగుదల ఆగుతుందన్న భయం అక్కరలేదు. ఈ వయసులో పాదంలోని చిన్న ఎముకలు చాలావరకు మృదులాస్థిగానే ఉంటాయి, సరైన స్థితిలో నిలిపితే వాటి ఆకారం కూడా ఆ ప్రకారమే కుదురుకుంటుంది. అందుకే మొదటి వారాల్లోనే మొదలుపెట్టమంటారు.

సాధారణంగా ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామందికి చివర మడమ వెనకనున్న స్నాయువును చిన్న గాటుతో వదులు చేసి, మూడు వారాలు ఆఖరి కట్టు వేస్తారు. ఆ తరువాత వచ్చేదే అసలు పరీక్ష. రెండు బూట్లను ఒక కడ్డీతో కలిపిన ప్రత్యేక జోడును మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రలో తొడగాలి. పాదం చక్కగా ఉంది కదా అని ఇంట్లోవాళ్లు జోడు మానేసిన చోటే వంకర తిరగబెడుతుంది. బిడ్డ ఏడుస్తున్నాడని మీ మనసు కరిగినా ఈ ఒక్క విషయంలో మీ అమ్మాయికి అండగా నిలవండి. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కిందకు ఈ చికిత్స వస్తుంది. జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ (పిల్లల లోపాలను తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం)లో అడగండి.

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. బిడ్డ కదలికలు గమనించుకోమంటున్నారు. అవి బిడ్డ బాగున్నాడని చెప్పే గుర్తు మాత్రమేనా, లేక ఆ తన్నడం వల్ల బిడ్డకు కూడా ఏమైనా ఉపయోగం ఉందా?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉపయోగం చాలా ఉంది. మీకు తెలియడానికి ఎన్నో వారాల ముందే, రెండో నెల చివరికే పిండంలో కదలికలు మొదలవుతాయి. కీలు ఏర్పడవలసిన చోట మొదట ఖాళీ ఉండదు. కండరాలు లాగుతూ వదులుతూ ఉండటం వల్లనే అక్కడ సందు సరిగా ఏర్పడి, రెండు ఎముకల కొనలు ఒకదానికొకటి నప్పేలా తీరుతాయి. 1966లో డ్రాక్‌మన్, సోకోలాఫ్ అనే పరిశోధకులు కోడి పిండాలకు కండరాలను స్తంభింపజేసే మందులిస్తే, కీళ్లు సరిగా ఏర్పడక అతుక్కుపోయాయి. కొన్ని జబ్బుల వల్ల కడుపులో కదలలేని పిల్లలు కీళ్లు బిగుసుకుపోయి పుట్టడానికి కారణం ఇదే.

ఊపిరితిత్తుల సంగతీ ఇంతే. పుట్టకముందు వాటిలో ఉండేది గాలి కాదు, అవి స్వయంగా ఊరించుకునే ద్రవం. ఆ ద్రవపు ఒత్తిడి, శ్వాస తీసినట్టుగా ఛాతీ చేసే కదలిక కలిసి ఊపిరితిత్తులను లోపలి నుంచి సాగదీస్తేనే వాటి కణాలు పెరుగుతాయి. ఉమ్మనీరు చాలాకాలం మరీ తక్కువగా ఉంటే ఊపిరితిత్తులు చిన్నవిగా ఉండిపోవడం అందుకే. పేగుల చుట్టలు కూడా ఇలాంటి లాగుడు వల్లనే ఏర్పడతాయి. పేగు తనను పట్టి ఉంచే పలుచని పొర కంటే వేగంగా పెరుగుతుంది, ఆ పొర లాగి పట్టడంతో పేగు వరుస వంపులుగా ముడుచుకుంటుంది. ఎల్. మహదేవన్, క్లిఫర్డ్ టాబిన్ బృందాలు 2011లో రబ్బరు గొట్టాన్ని, సాగదీసిన రబ్బరు పొరను కలిపి కుట్టి అవే వంపులను ప్రయోగశాలలో తెప్పించాయి.

ఇవన్నీ తెలుసుకోవడం ఆనందమే గానీ, మీకు ఇప్పుడు ముఖ్యమైనది ఒకటే. బిడ్డ కదలికలు ఎప్పటికంటే తగ్గాయనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, మధుమేహం ఉంది, మద్యం అలవాటు లేదు. కాలేయానికి ఫైబ్రోస్కాన్ చేసి 9.8 కేపీఏ అని రాశారు. రక్తపరీక్షల్లో పెద్ద తేడా లేదు. కాలేయం గట్టిదనాన్ని కొలవడం దేనికి?
ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కేపీఏ అంటే పైన విద్యార్థినికి చెప్పిన కిలోపాస్కలే. పక్కటెముకల మధ్య ఆనించిన పరికరం చిన్న కుదుపు ఇస్తుంది, ఆ కంపన తరంగం కాలేయంలో ఎంత వేగంగా ప్రయాణించిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తుంది. కణజాలం ఎంత గట్టిదైతే తరంగం అంత వేగంగా పోతుంది. ఆరోగ్యమైన కాలేయంలో ఈ అంకె సాధారణంగా 5 ప్రాంతంలో ఉంటుంది. మీ అంకె అంతకంటే ఎక్కువే గానీ, చివరి దశకు చేరిందని చెప్పేది కాదు. భోజనం చేసి వెంటనే వెళ్లినా, ఆ సమయానికి కాలేయంలో వాపు ఉన్నా అంకె పెరుగుతుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా చేయించారా అన్నది గుర్తుచేసుకోండి. లేకపోతే మళ్లీ చేయించమని అడగండి.

గట్టిదనం జబ్బుకు ఫలితమే కాక, జబ్బును ముందుకు నెట్టే కారణం కూడా. కాలేయంలో విటమిన్ ఎ నిల్వచేసుకుంటూ నెమ్మదిగా ఉండే నక్షత్రాకార కణాలు కొన్ని ఉన్నాయి. వాటిని మెత్తని జెల్‌పై పెంచితే అలాగే ఉంటాయి. గట్టి పొరపై పెంచితే మయోఫైబ్రోబ్లాస్ట్‌లుగా మారి, కొల్లాజెన్‌ను విపరీతంగా తయారుచేస్తూ చుట్టూ ఉన్నదాన్ని గుంజడం మొదలుపెడతాయి. కొవ్వు వల్ల వచ్చిన వాపుతో కాలేయం కొంచెం గట్టిపడితే ఈ కణాలు మేల్కొంటాయి, అవి పోసిన కొల్లాజెన్‌తో అది ఇంకా గట్టిపడుతుంది, ఆ గట్టిదనం మరిన్ని కణాలను మేల్కొలుపుతుంది. ఎలుకలపై చేసిన ఒక అధ్యయనంలో, కొల్లాజెన్ పెద్దగా పేరుకోకముందే కాలేయం గట్టిపడినట్టు 2007లో తేలింది. రక్తపరీక్షలు మామూలుగా ఉన్నా మీ డాక్టరు ఈ అంకెను పట్టించుకోవడానికి కారణం అదే.

మూల కారణాన్ని తొలగిస్తే ఈ వలయం వెనక్కి కూడా తిరుగుతుంది. మయోఫైబ్రోబ్లాస్ట్‌లలో కొన్ని చనిపోతాయి, కొన్ని మళ్లీ నెమ్మదిస్తాయి, పేరుకున్న కొల్లాజెన్ కొంతవరకు కరుగుతుంది. మీ విషయంలో కారణం కొవ్వు, మధుమేహం కావచ్చు కనుక బరువు, చక్కెర రెండూ అదుపులోకి తెచ్చుకుని, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ కొలిపించండి. మందుల దుకాణంలో దొరికే లివర్ టానిక్కుల మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: రెండేళ్ల కిందట నర్సరీ నుంచి తెచ్చిన వేప, కానుగ మొక్కలను పొలం గట్టున నాటి, గాలికి పడిపోకుండా ఊతకర్రలకు బిగించి కట్టాం. ఏపుగా పెరిగాయి. ఇప్పుడు కర్ర తీస్తే వంగిపోతున్నాయి. నీరు, ఎరువు తక్కువ చేయలేదు. లోపం ఎక్కడుంది?
ఒక రైతు, ఒంగోలు దగ్గరి గ్రామం

జవాబు: లోపం బిగించి కట్టడంలో ఉంది. కండరం, నరం ఏవీ లేని మొక్క కూడా తనపై పడే బలాన్ని గ్రహిస్తుంది. థామస్ ఆండ్రూ నైట్ అనే ఆంగ్లేయుడు 1803లోనే, కదలకుండా కట్టిన లేత ఆపిల్ చెట్ల కంటే గాలికి ఊగనిచ్చిన చెట్ల కాండం ఎక్కువ లావెక్కిందని ప్రచురించాడు. మొక్క కాండాన్ని రోజూ కొద్దిసేపు రుద్దితే అది పొట్టిగా, దిట్టంగా పెరుగుతుందని 1973లో మార్క్ జాఫీ చూపించాడు. 1990లో జానెట్ బ్రామ్, రోనాల్డ్ డేవిస్ ఆవాల జాతికి చెందిన అరబిడాప్సిస్ మొక్కను తాకిన అరగంటలోపే కొన్ని జన్యువుల పని ఎన్నో రెట్లు పెరుగుతుందని కనుగొన్నారు. ఊగిన కాండం వంగే చోట కణత్వచాలు సాగి, కాల్షియం లోపలికి వచ్చి, ఎత్తు పెరగడం తగ్గి, మందం పెరుగుతుంది. వేళ్లు కూడా బలపడతాయి. మీ మొక్కలకు ఆ ఊపు అందనందువల్ల అవి నీరూ ఎరువూ అంతా ఎత్తుకే ఖర్చు పెట్టాయి.

ఇప్పుడు కర్రను ఒక్కసారిగా తీయకండి. మొదట కట్టును కాండం ఎత్తులో మూడోవంతు దగ్గరికి దించి, మెత్తని గుడ్డతోనో కొబ్బరి పీచు తాడుతోనో, కాండం వేలెడు దూరం అటూ ఇటూ ఊగేంత వదులుగా కట్టండి. తలబరువు ఎక్కువగా ఉంటే పైకొమ్మలను కొంచెం కత్తిరించండి గానీ, కాండం కిందిభాగంలో వచ్చే చిన్న రెమ్మలను ఒక ఏడాది తుంచవద్దు. కాండం లావెక్కడానికి వాటి ఆకులే ఆహారం అందిస్తాయి. తుపానుల కాలం దాటిన తరువాత ఈ పని మొదలుపెడితే మొక్క బలపడటానికి ఎనిమిది తొమ్మిది నెలల వ్యవధి దొరుకుతుంది. ఇకముందు నాటే మొక్కలకు కర్ర తప్పనిసరి కాకపోతే కట్టకండి, కట్టినా మొదటి ఏడాది పూర్తయ్యేసరికి తీసేయండి.